అచ్చియ్యమ్మ నవ్వు

అనగా అనగా గోదారి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ మిఠాయికొట్లో పూతరేకులు చేసేది. పిండిలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద ఇలా పరిచి అలా తీసేదా, ఉల్లిపొరలా రేకు లేచేది.

అరవయ్యో ఏట ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. రేకులు చిరిగిపోయేవి. అప్పుడు మిఠాయికొట్టువాడు "చాటుగా కల్లు తాగుతున్నావా ఏంటి?" అని పని మాన్పించేశాడు. ఆవిడకి కల్లు వాసనే పడదు!

ఆ తర్వాత నడక మారింది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేది. గొంతు సన్నబడింది. ముఖం బిగుసుకుపోయింది. లోపల ఎంత నవ్వొచ్చినా పెదాల మీదికి రాదు.

అప్పుడే పక్కింటి రత్నావతి కూతురు వాసంతి పెళ్ళి వచ్చింది. ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది అచ్చియ్యమ్మే. పొద్దున్నే తలంటుకుని, జరీచీర కట్టుకుని, పందిట్లో ముందు కూర్చుంది. రత్నావతి వచ్చి, అందరూ వింటుండగా, "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ ఏడుపు మొహమేంటి వదినా? లేచి ఇంటికెళ్ళు" అంది.

అచ్చియ్యమ్మ ఏదో చెప్పబోయింది. బాజాల హోరులో ఎవరికి వినబడుతుంది? అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది బంగారూ.

ఆ తర్వాత మొగుడు సింహాద్రి భూతవైద్యుణ్ణి తెచ్చాడు. "గాలి సోకింది" అని వాడు వేపమండలతో కొట్టాడు. చేతులు పట్టుకున్నది ఎవరనుకున్నావు? మొగుడే! "నొప్పిరా నాయనా" అంటే, "అదిగో, దెయ్యం పలుకుతోంది" అన్నాడు ఆ దరిద్రపు భూతవైద్యుడు. అలా మూడు రోజులు.

మూడో రోజు వాసంతి పుట్టింటికొచ్చింది. అచ్చియ్యమ్మ వీపు మీద వాతలు చూసింది. ఆ మండలు లాక్కుని వీధిలోకి విసిరికొట్టింది. "మావయ్యా, అడ్డు తప్పుకో!" అని, అచ్చియ్యమ్మని బస్సెక్కించి రాజమండ్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"దీన్ని పార్కిన్సన్స్ అంటారమ్మా" అన్నాడు డాక్టరు. "ఒంటిని కదిలించే కణాలు మెదడులో కొన్ని దెబ్బతింటాయి. ముఖం బిగుసుకోవడమూ దానివల్లే. పూర్తిగా పోదు, మెల్లగా పెరుగుతుంది. మందులేసుకుంటే మాత్రం చాలా తేలికపడతావు."

కొన్నాళ్ళకి అడుగు కాస్త సాగింది. అప్పుడు అచ్చియ్యమ్మ తిన్నగా రత్నావతి ఇంటికెళ్ళింది.

"దగ్గరికి రా, నా గొంతు పెగలదు" అంది. "నీ కూతురి పెళ్ళిలో నేను నవ్వుతూనే ఉన్నానే. నీకు కనబడలేదు. ఒంట్లో ఎలా ఉందని ఒక్క మాట అడిగావా?"

రత్నావతి భోరుమని ఆవిడ చేతులు పట్టుకుంది. అచ్చియ్యమ్మ చేతులు లాగేసుకుంది.

"గెంటించుకున్నదాన్ని నేను. ఇప్పుడు నిన్ను నేనే ఓదార్చాలా?" అని వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇంటి దగ్గర సింహాద్రి తల దించుకుని రోజుకి మూడుసార్లు మాత్రలూ, మంచినీళ్ళూ అందించేవాడు. వేసుకునేది. గ్లాసు తిరిగి ఇచ్చేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. వాసంతి వచ్చినరోజు మాత్రం ఆ ఇంట్లో మాటలు వినబడేవి.

ఏంటీ, తర్వాతైనా క్షమించిందా అనా? లేదమ్మా, క్షమించలేదు. నేనూ క్షమించలేదు. ఇంక దుప్పటి కప్పుకో.

కథ వెళ్ళింది కంచికి, నిద్ర రావాలి కంటికి.