మంచులో పలకని గట్టు

పొద్దెక్కి చాలాసేపయింది. మంచు విడవలేదు. గాలి లేదు.

గట్టు మీద ఒక తల్లి నిలబడి ఉంది. ఆ గట్టు దిగితే అంతా బురద. ఆటుకు సముద్రం నీరు తీసినప్పుడు ఊరి ఆడవాళ్లూ ఎదిగిన పిల్లలూ ఆ బురదలోకి పోయి చిప్పలు ఏరుకొస్తారు. పోటు తిరిగేలోగా గట్టెక్కాలి. ఎక్కనివాళ్లను నీళ్లు ఏరుకుంటాయి.

మంచు పడితే గట్టు ఎటుందో తెలియదు. అందుకని ఊళ్లో ఒక పద్ధతి ఉంది. బురదలో ఉన్నవాళ్లు "ఉన్నానో..." అని కేక వేస్తారు. గట్టు మీదివాళ్లు "ఉన్నాం రా..." అని పలుకుతారు. ఆ పలుకు పట్టుకుని నడిచొస్తారు. వచ్చాక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరు. పలకడం మామూలు, రావడం మామూలు.

ఆ పద్ధతికి రెండో సగం కూడా ఉంది. గట్టు ముందుగా పిలవదు. తెలియని గొంతుకు పలకదు. మంచులో తెలియని గొంతు మనిషిది కాదు, పలికినవాళ్లను పట్టుకుపోతుంది. ఈ మాట తల్లికి వాళ్లమ్మ చెప్పింది. తల్లి తన కూతురికి చెప్పింది.

ఎండాకాలంలో పాయకు అవతలి ఒడ్డు నుంచి ఒకావిడ వచ్చింది. ఒంటరి మనిషి. ఈ ఊరి మాట ఒక్కటీ రాదు. తల్లికి ఎదురుగా నిలబడి బురద చూపించింది, తన నోరు చూపించింది, చెయ్యి చెవికి ఆనించుకుంది. కేక నేర్పమంటోందని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

తల్లి నేర్పింది. ఆవిడ ఎన్నిసార్లు అన్నా చివర గొంతు వంకర పోయేది. తల్లి బదులు పలికిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచేది.

"ఉత్తినే పలికినదానికి దణ్ణమెందుకే, పిచ్చిదానా?" అంది తల్లి.

"ఊపిరాడినందుకు ముక్కుకి కూడా దణ్ణం పెట్టుకుంటుంది కాబోలు," అంది తోడికోడలు. "నేర్పక్కా, నేర్పు. రేపు ఆ కేకేసి మీ ఆయన్ని పిలుచుకుపోతుంది."

ఆడవాళ్లంతా నవ్వారు. ఏమన్నారో తెలియకపోయినా ఆవిడా నవ్వింది. ఆ తరవాత ఉప్పు, నీళ్లు, అక్క, మెల్లగా, ఇలా ఒక్కో మాటా పోగుచేసుకుంది.

ఈ పొద్దున మంచు ఒక్కసారిగా కమ్మింది. బురదలోంచి కేకలొచ్చాయి. గట్టు పలికింది. ఒక్కొక్కరే ఎక్కారు. తల్లి కూతురు ఎక్కలేదు. కేకా లేదు.

పోటు తిరిగింది. నీళ్లు గట్టు కింది రాళ్లను తడుముతున్న చప్పుడు.

అప్పుడు దూరం నుంచి వంకర గొంతు వినిపించింది.

"ఉన్నానో..."

ఊరిపెద్ద చెయ్యెత్తాడు. "ఎవరూ పలకొద్దు."

"అవతలి ఒడ్డామె అయ్యుంటుంది పెద్దయ్యా, ఆమె కూడా ఎక్కలేదు," అంది తల్లి.

"అయ్యుంటుందా? అవునా? ఒట్టేసి చెప్పు."

మంచులో ఏ గొంతూ తనలా ఉండదు. తల్లి ఒట్టు వెయ్యలేకపోయింది.

"పోయిన ఏడు మంచులో ఒకటి అరవలేదూ?" అన్నాడు పెద్ద. "మన మాట కూడా కాదు. పొద్దు వాలేదాకా అరిచింది. పలకలేదు. అందుకే ఇందరం ఉన్నాం."

తల్లికి గుర్తుంది. ఆ రోజు తనూ ఇక్కడే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

కేక మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా దూరంగా, సముద్రం వైపు.

"కాస్త ఓర్చుకో అక్కా. నీ బిడ్డ గొంతు రానీ. అప్పుడు పలుకుదువు," అని తోడికోడలు రెట్ట పట్టుకుంది.

"నా బిడ్డకి గొంతు లేకపోతే?"



తల్లి పలికింది. "ఉన్నాం రా!" పేగులు కదిలేలా పలికింది. తోడికోడలు నోరు మూయబోతే ఆ చెయ్యి కొరికింది. మళ్లీ పలికింది. వంకర గొంతు ఆగింది. తరవాత కొంచెం దగ్గరగా వినిపించింది. ఆ తరవాత ఇంకొంచెం.

మంచులోంచి అవతలి ఒడ్డామె బయటపడింది. నడుం దాకా బురద. భుజాన తల్లి కూతురు. చిప్ప కోసుకుని పాదం తెగింది. పిల్ల పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. అరిచి అరిచి గొంతు పోయింది.

తల్లి ఇద్దరినీ కలిపి పట్టుకుంది. ఏదో చెప్పాలి. ఇంతవరకూ ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. నోరు తిరగలేదు.

అవతలి ఒడ్డామే ముందుగా గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పలికావు అక్కా," అంది.

ఆయాసం తీరాక మెల్లగా మాటలు వెతుక్కుంది. "మా ఆయన. పోయిన మంచులో. ఇక్కడే. నేను అవతల. మధ్యలో పాయ, దాటలేను. మీ గట్టు దగ్గర. చాలా పిలిచాడు అక్కా. మా మాటలో పిలిచాడు. మీకు తెలీలేదు. మీ తప్పు లేదు. అందుకని నేను మీ మాట నేర్చుకున్నా."

పెద్ద ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తోడికోడలు పంటి గాటు పడ్డ చేతిని కొంగులో దాచుకుంది. ఆ రోజు ఆ గొంతు ఏమని అరుస్తోందో గట్టు మీద తెలియనివాళ్లు లేరు.

అవతలి ఒడ్డామె వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. అంత దయగా చూసింది.

తల్లి చూపు తిప్పుకుని వచ్చినవాళ్లను లెక్కపెట్టింది. కూతురు. తోడికోడలు, ఆమె పిల్లలు. పక్కింటివాళ్లు. అవతలి ఒడ్డామె. అంతా క్షేమంగా వచ్చారు. ఏ మంచులోనూ ఆ ఊరి లెక్క తప్పింది లేదు.

తల్లి బురద వైపు తిరిగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.