కళ్ళు తెరవని ఏనుగు

అనగనగా ఒక ఊళ్ళో, ఏ వీధిలోకి వెళ్ళినా కర్రపొట్టు వాసన వేసే ఊళ్ళో, కనకరత్నం అని ఒక పిల్ల ఉండేది. ఊరి పేరు అడక్కు. చెప్పానంటే పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళమని నా ప్రాణం తీస్తావు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

రత్నం వాళ్ళ నాన్న అయ్యన్నాచారి బొమ్మలు చెక్కేవాడు. తేలికైన పొణికి కర్ర తెచ్చి, ఎండబెట్టి, ఏనుగులూ చిలకలూ ఎడ్లబళ్ళూ చేసేవాడు. రత్నం పక్కనే కూర్చుని పనంతా నేర్చేసుకుంది. తొండం ఎంతవరకు వంచాలో, చిలక ముక్కు ఎక్కడ ఆపాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

తెలియనిదల్లా ఒక్కటే. అమ్మడం. తిరునాళ్ళకి ఆడపిల్ల ఎందుకని నాన్న ఎప్పుడూ వెంట తీసుకెళ్ళలేదు. కళ్ళు పెట్టని బొమ్మల్ని సంచిలో వేసుకుని వెళ్ళేవాడు, ఖాళీ సంచితో తిరిగొచ్చేవాడు. కళ్ళు ఎప్పుడు పెట్టేవాడో ఆయన చెప్పలేదు, రత్నం అడగలేదు. దారిలో ఏ చెట్టు కిందో కూర్చుని పెడతాడు కాబోలు అనుకునేది.

ఒక వానాకాలం నాన్న జ్వరంతో మంచం పట్టాడు. మళ్ళీ లేవలేదు. చివరగా చేసిన ఏనుగు అలాగే మిగిలిపోయింది. అంతా అయింది గానీ కళ్ళొక్కటే లేవు. దాన్ని చూసినప్పుడల్లా రత్నం ఏడ్చేది. ఏడవదూ మరి!

అప్పుడు బాబాయి మౌనాచారి వచ్చాడు. పేరుకే మౌనం, నోరు తెరిస్తే తిరగలి. ఆయన ద్వారబంధాలు చేసే వడ్రంగి.

"అమ్మాయీ, సంతల్లో కూర్చుని నువ్వేం అమ్ముతావు? మీ నాన్న ఉలులు నాకిచ్చెయ్. ఏడాదికి సరిపడా బియ్యం నేను పంపిస్తాగా" అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఆ పిల్ల ఎలా బతుకుతుందోనని బెంగ, అంతే.

"ఉలులు ఇస్తే నా చేతులు ఇచ్చేసినట్టే బాబాయ్. ఇవ్వను" అంది రత్నం.

"సరే, మూడు తిరునాళ్ళు చూద్దాం. మూడోసారికైనా సంచి ఖాళీ కాకపోతే ఉలులు నావి. మళ్ళీ ఏడవకూడదు" అన్నాడు. రత్నం సరేనంది. అనక ఏం చేస్తుంది?

మొదటిది కార్తీకమాసం తీర్థం. రత్నం ఇంట్లోనే బొమ్మలన్నిటికీ కళ్ళు పెట్టేసింది, నాన్న ఏనుగుకి తప్ప. దానికి చెయ్యి రాలేదు. తీర్థంలో గోనెపట్టా పరిచి, సంచి బోర్లించి, బొమ్మల్ని వంకాయల్లా కుప్ప పోసింది. "ఏదైనా రూపాయే, ఏదైనా రూపాయే" అని అరిచింది.

జనం వచ్చారు. కుప్పని కెలికారు. "ఇంత పనికి రూపాయేంటి? పుచ్చు కర్ర అయ్యుంటుంది, పదండి" అనుకుంటూ వెళ్ళిపోయారు. మూడంటే మూడు అమ్ముడయ్యాయి. కెలకడంలో ఎన్నిటికో చెవులు విరిగాయి.

రెండోసారికి పట్నంలో ఎగ్జిబిషన్ వచ్చింది. రత్నం ఈసారి తెలివిగా చేద్దామనుకుంది. మనిషెత్తున బల్ల కట్టి, ఎర్రగుడ్డ పరిచి, బొమ్మకీ బొమ్మకీ జానెడు దూరం పెట్టింది. "ముట్టుకోరాదు" అని అట్టమీద రాసింది. ఒక్కోటి వంద రూపాయలంది. ఆ రోజుల్లో వందంటే మాటలా? మేకపిల్ల వచ్చేది!

జనం చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి చూసి, "బాగున్నాయి" అని వెళ్ళిపోయారు. పిల్లలకైతే బల్ల అడుగు తప్ప ఏమీ కనపడలేదు. ఆరోజు రత్నం ఒక్క బొమ్మ కూడా అమ్మలేదు. బస్సులో ఇంటికొస్తూ సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇక మిగిలింది శివరాత్రి తిరునాళ్ళు. విరిగినవీ మాసినవీ వీధిలో పిల్లలకి పంచేసి, రత్నం మళ్ళీ కొత్తవి చెక్కింది. కానీ కళ్ళు పెట్టడానికి మనసొప్పలేదు. కొనేవాళ్ళే లేనప్పుడు ఇవి కళ్ళు తెరిచి ఎవర్ని చూడాలి అనుకుంది.

పొద్దున్నే నాన్న సంచి తీసి దులిపితే, ఇన్నాళ్ళూ చూడని లోపలి జేబులో గుడ్డలో చుట్టిన చిన్న ఉలి దొరికింది. వేపపుల్లంత ఉంది. పక్కనే నల్లరంగు డబ్బీ, ఒక కుంచె. ఈ ఉలిని నాన్న ఇంట్లో పట్టగా రత్నం ఎన్నడూ చూడలేదు. పిడి మాత్రం అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయి ఉంది. ఇదేంటబ్బా అనుకుంటూ మళ్ళీ సంచిలో వేసుకుంది.

తిరునాళ్ళలో పెద్ద బల్ల కట్టే ఓపిక లేక, రెండు ఇటుకల మీద ఒక చెక్క వేసి బొమ్మల్నీ, వాటి పక్కనే నాన్న ఏనుగునీ పెట్టింది. పక్క దుకాణంలో గాజులమ్మే అవ్వ నాన్న సంచిని గుర్తుపట్టి పలకరించింది.

అప్పుడు ఒక చిన్నపిల్ల వచ్చి చిలకని పట్టుకుంది. చెక్క దాని చేతికి అందింది మరి! "దీనికి కళ్ళు లేవేం?" అని అడిగింది. వాళ్ళమ్మ "సగంలో వదిలేశారే, రా" అని చెయ్యి పట్టి లాగింది.

రత్నం సంచిలో చెయ్యి పెట్టింది. గబుక్కున ఆ చిన్న ఉలి తీసింది. "ఆగమ్మా, ఒక్క నిమిషం. పాపా, ఇలా నా ఎదురుగా నిలబడు" అంది. చిలకని పాప వైపు తిప్పి పట్టుకుంది. అటు టిక్కు, ఇటు టిక్కు, రెండు చుక్కల నల్లరంగు.

"అమ్మా! చిలక నన్ను చూసింది!" అని పాప ఎగిరింది.

గాజులవ్వ బుగ్గన చెయ్యి వేసుకుంది. "అచ్చం మీ నాన్నేనే తల్లీ! బొమ్మ కళ్ళు తెరవగానే తన వాళ్ళనే చూడాలనేవాడు. కొన్నవాళ్ళందరి ఎదుటే, ఇక్కడే కళ్ళు పెట్టేవాడు. నీకు చెప్పలేదా?"

రత్నం చేతిలో ఉలిని తిప్పి చూసుకుంది. ఉలి పిడి ఎందుకంత అరిగిందో అప్పుడు తెలిసింది.

"ఎంతమ్మా?" అంది పాప వాళ్ళమ్మ. రూపాయి అందామా, వంద అందామా? రత్నం ఆలోచించింది. "నేను రోజుకి రెండు చిలకలు చేస్తానక్కా. నువ్వు రోజు కూలికి వెళ్తే ఎంతిస్తారు?"

"ఇరవై."

"అయితే చిలక పది. నాకూ కూలి గిట్టాలి కదా?"

ఆవిడ బేరమాడలేదు. కొంగుముడి విప్పి పది చేతిలో పెట్టింది. కూలి చేసే మనిషికి కూలి విలువ తెలియదా!

ఆ తర్వాత చూడు, పిల్లలు వరస కట్టేశారు. ఏనుగు ఒక రోజు పని, బండి రెండు రోజుల పని. అడిగినవాళ్ళకల్లా రత్నం అదే చెప్పింది. సాయంత్రానికి నాన్న ఏనుగు ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చాడు. "ఒకటి మిగిలిందేం?" అన్నాడు. ఆయన కళ్ళు మహా చురుకు.

ఇంతలో ఏడో నెల కడుపుతో ఒకావిడ వచ్చి ఆ ఏనుగునే చేతిలోకి తీసుకుంది. రత్నానికి ఎటూ తోచలేదు. ఇస్తే నాన్న చేసిన ఆఖరి బొమ్మ పోతుంది, ఇవ్వకపోతే నాన్న ఉలులే పోతాయి. చివరికి ఉలి తీసింది. ఏనుగుని అందుకుని ఆవిడ వైపు తిప్పింది.

ఆవిడ ఆ చేతిని పట్టుకుని ఆపి, ఏనుగుకి ఇరవై రూపాయలు పెట్టింది. "ఇప్పుడు వద్దమ్మా. ఇది చూడాల్సిన వాళ్ళు ఇంకా పుట్టలేదు. వచ్చే ఏడు తీసుకొస్తాను, నువ్వే తెరువు. నువ్వు ఇక్కడే ఉంటావు కదా?"

రత్నం బాబాయి వైపు చూసింది. తిరగలి ఆగిపోయింది. ఆయన వంగి చిన్న ఉలినీ, డబ్బీనీ, కుంచెనీ ఏరి, సంచిలో సర్ది, భుజాన వేసుకున్నాడు. "ఉండకేం? ఉంటుందమ్మా" అన్నాడు. ఆ సంచి తిన్నగా రత్నం ఇంట్లోనే దించాడు.

ఏడాది తిరిగింది. ఆవిడ చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. రత్నం ఏనుగుని ఆ పిల్ల వైపు తిప్పి, టిక్కు టిక్కుమని కళ్ళు తెరిచింది. పిల్ల తొండం పట్టుకుని కిలకిల నవ్వింది. "నాన్నా, నీ ఏనుగు చూస్తోంది" అంది రత్నం, నవ్వుతూ ఏడుస్తూ.

ఆ కడుపుతో ఉన్నావిడ ఎవరంటావా? నేనేరా పిచ్చి కన్నా! నీ దిండు పక్కన ఉందే, నువ్వు చెవి కొరికేసిన ఏనుగు, అది కళ్ళు తెరిచి మొట్టమొదట చూసింది మీ అమ్మని. ఇప్పుడు నిన్ను చూస్తోంది. దానికి ఉలితో పెట్టిన కళ్ళు, మూతపడవు. నీవి మూతపడతాయిగా, మూసుకో.

ఏనుగు దిండుకి,
కునుకు కంటికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి.