చిలకమ్మ మోసుకొచ్చిన బిందె

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఏదో ఒక పని మీద పంపేసేవారు. ఆ ఆశ్రమంలో కట్టెలకూ నీళ్లకూ ఏనాడూ లోటు లేకపోవడానికి కారణం అదేనని ఆయనంటే గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అనేవారు.

ఒక చైత్రమాసపు పొద్దున పరమేశం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "జ్ఞానం దొరికితేనే మళ్లీ ఈ గడప తొక్కుతాను" అని వీధంతా వినేలా చెప్పి ఇల్లు వదిలిన మనిషి. వీధికి బాగానే వినపడింది. జ్ఞానమే ఇంకా వినిపించుకోలేదు. ఇప్పుడు తమ్ముడి పెళ్లి దగ్గరపడింది. రమ్మని తల్లి కబురు మీద కబురు పంపుతోంది.

"గురువుగారూ, వెతుక్కుంటూ వెళ్లింది దొరకనివాడు ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?" అని అడిగాడు.

గురువుగారు కొండ వైపు చూశారు. "ఇవాళ్టితో కొండమీది గూడెం గాసన్న వాళ్ల వేట ఆఖరు. వెళ్లి చూసి రా."

వేటకూ తన ముఖానికీ ఏమిటి సంబంధమో పరమేశానికి అంతుపట్టలేదు. అయినా వెళ్లాడు.

ఆ కాలంలో కొండమీది అడవి సర్కారుది. చైత్రంలో పండగ వేటకు ఏ గూడెం వాళ్లయినా అందులో దిగవచ్చు. ఎవరి బాణం ముందు తగిలితే జంతువు వాళ్లది. ఆ ఏడు గాసన్న జట్టు బాణం దేనికీ తగల్లేదు. చివరిరోజున పెద్ద కొమ్ముల కణుజు దుప్పి ఒకటి కనపడితే, దాన్ని పొద్దుటి నుంచీ తరిమి తరిమి, సరిగ్గా పక్క గూడెం వాళ్లు పొంచి ఉన్న చోటికి తోలి పెట్టారు. వాళ్లు ఎంతో మర్యాదగా దండం పెట్టి మరీ దాన్ని మోసుకుపోయారు.

పరమేశం వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. జట్టంతా ఊరి కింద వాగులో, బండల చాటున నక్కి కూర్చుంది.

"ఇంటికి వెళ్లరా?"

"ఎలాగెల్తాం పంతులూ?" అన్నాడు గాసన్న. "ఊరి మొగనే ఆడోళ్లు పేడనీళ్ల బిందెలట్టుకుని కూకున్నారు."

వేట దొరికితే డప్పులతో ఎదురొచ్చి ఊరేగించడం, దొరక్కపోతే పేడనీళ్లతో తడిపి నోటికొచ్చినట్టు ఎగతాళి చేయడం ఆ గూడెం ఆడవాళ్ల హక్కు. పైగా బయలుదేరేటప్పుడు గాసన్న, "ఈ ఏడు బిందె కడిగి బోర్లించేసుకో" అని పెళ్లాం చిలకమ్మతో అందరి ముందూ గొప్పలు పోయాడు.

తనలాంటి మనిషి లోకంలో ఇంకొకడున్నాడని పరమేశానికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇక్కడే ఉండండి. అందరూ పడుకున్నాక దొడ్డిదారిన వెళ్లొచ్చు" అని సలహా ఇచ్చి, తానూ ఒక బండ చాటు చూసుకున్నాడు. చదువుకున్నవాడి సలహా కదా, ఎవరూ కదల్లేదు.

మొదట్లో పై నుంచి ఆడవాళ్ల ఎకసెక్కపు పాటలు వినపడ్డాయి. కాసేపటికి పాటలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో ఒక పేరు పెట్టి పిలిచారు. ఆ వెనకే ఇంకో గొంతు, ఇంకో పేరు.

"ఓ మావా... గాసన్న మావా..."

ఆ పిలుపులో ఎగతాళి లేదు. గాసన్న తల వంచుకుని బండ చాటుకి ఇంకాస్త ముడుచుకున్నాడు.  

చిలకమ్మ బండ చుట్టూ తిరిగి వచ్చింది, చంకలో బిందెతో. పెదవులు కదుపుతూ అందరి తలలూ లెక్కపెట్టుకుంది. బిందె దించి, కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత లేచి బిందెడు నీళ్లూ మొగుడి నెత్తిన కుమ్మరించింది.

"ఏ కణుజో పొడిసేసిందేమో అనుకున్నాను. ఈ బిందె ఇంకెవుడి మీద పొయ్యాలిరా దేవుడా అని ఏడుసుకుంటా మోసుకొచ్చాను."

గాసన్న గడ్డం నుంచి పేడ కారుతుంటే పళ్లికిలించాడు. వెనకే మిగతా బిందెలూ వచ్చాయి.

"అమ్మా, నేను వేటకు రాలేదు" అన్నాడు పరమేశం వెనక్కి జరుగుతూ.

"ఉత్త సేతుల్తోనే ఉన్నావు కదా" అని ఒకావిడ అతన్నీ తడిపింది.

అందరూ దొడ్డిదారిన కాకుండా ఊరి మొగనుంచే లోపలికి నడిచారు. తిట్టిన నోళ్లే పక్కన కూర్చోబెట్టుకుని కొసరి కొసరి సామన్నం పెట్టాయి.

మర్నాడు పొద్దున్నే పరమేశం వచ్చి నిలబడితే గురువుగారు గాలి వాటం చూసుకుని పక్కకు జరిగారు.

"గురువుగారూ, తిట్టారు. పేడనీళ్లు పోశారు. మళ్లీ అన్నం పెట్టారు. అది అవమానమో ఆదరమో నాకేమీ తెలియడం లేదు. నా ప్రశ్న కూడా అలాగే ఉండిపోయింది."

గురువుగారు అతని చెవి వెనక ఎండిపోయిన పేడ కేసి చూశారు.

"పాపం, మీ అమ్మ ఆ బిందె కలిపి పెట్టుకుని ఎన్నాళ్లయిందో" అన్నారు.