అంకె లేని ఆకు

కొండ మీది మఠంలో మందుల పుస్తకానికి తాడు చివికి తెగిపోయింది. తాటాకులన్నీ నేల మీద పడ్డాయి. ఏరి చూస్తే రెండు ఆకులు కనపడలేదు.

అప్పటినుంచి గురుసిద్ధానికి మనసు మనసులో లేదు. పుస్తకం చూసుకునేది అతనే. ఆ రెండాకులూ ఎల్లప్పే తీశాడని అతని అనుమానం. ఎల్లప్ప కూడా ఆ మఠంలో శిష్యుడే. కానీ అతని మేనమామకు కింద ఊళ్ళో మందుల అంగడి ఉంది. అనుమానానికి అంతకన్నా ఏం కావాలి?

గురువు మరులయ్య స్వామి ఇద్దరినీ పిలిచి, "ఈసారి ఆకులకు అంకెలు వేయండి" అన్నారు.

"మొదటి ఆకు నుంచి చివరాకు దాకా వరసగా వేసేస్తా అయ్యవారూ. ఒక్కటి పోయినా తెలిసిపోతుంది," అన్నాడు గురుసిద్ధం.

ఎల్లప్ప మెల్లగా అన్నాడు. "జ్వరాలకు వేరే, దగ్గులకు వేరే, గాయాలకు వేరే, ఒకటి నుంచి మొదలుపెడదాం అన్నా. రేపు దగ్గుల్లో ఒక ఆకు చేరితే ఆ అంకెలే మార్చుకుంటాం. తక్కినవి కదలవు."

"చేర్చడానికా, తీయడానికా?"

ఎల్లప్ప మొహం చిన్నబోయింది.

గురుసిద్ధం నూట తొంభై ఆరు ఆకులకూ వరసగా అంకెలు గీశాడు. తాడు ముడి మీద లక్క కరిగించి పోశాడు. రోజూ పొద్దున లేస్తూనే లక్క చూసుకునేవాడు. ఎల్లప్ప అటుగా నడిస్తే చాలు, చేసే పని ఆపి చూసేవాడు.

చలికాలం వచ్చింది. దగ్గు మందుకు గడ్డలు కావాలని స్వామి ఎల్లప్పను అడవికి పంపారు. నాలుగో రోజు తెల్లవారగానే అతను గడ్డల మూటతో వచ్చాడు. చేతిలో ఒక కొత్త తాటాకు. గడ్డలు తవ్వే ముసలాయన చెబుతుంటే రాసుకొచ్చాడు.

"ఈ ఏడు వానల్లేవు. గడ్డ ఘాటెక్కింది. పుస్తకంలో ఉన్నట్టు మూడు గురిగింజల ఎత్తు వేస్తే మనిషికి ఊపిరాడదట. ఒక్క గింజెత్తే వేయాలట. యాభై మూడో ఆకు పక్కన పెట్టు అన్నా."

"యాభై మూడు తరవాత యాభై నాలుగుంది. మధ్యలో దీనికి ఏ అంకె వేయను?"

"అంకె లేకపోతే మాట అబద్ధమైపోతుందా?"

"ముసలాయన చెప్పాడో, మీ మామే రాయించాడో! మఠం మందు పనిచేయకపోతే జనం ఎవరి అంగడికి పోతారో నాకు తెలీదా?"

గురుసిద్ధం ఆ ఆకు పట్టుకుని స్వామి దగ్గరికి పోయాడు. "దొంగ ఆకు తెచ్చాడు అయ్యవారూ. ఇక ఇతన్ని పంపేయండి."

ఎల్లప్ప బట్టలు మూట కట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. మంచు ఇంకా విడలేదు.

స్వామికి వారం నుంచీ దగ్గు. మాట్లాడబోయి దగ్గారు. "ముందు నాకు మందు కలుపు. ఈ కొత్త గడ్డే. నీ పుస్తకంలో ఉన్నట్టే కలుపు."

గురుసిద్ధం యాభై మూడో ఆకు తిప్పి చూశాడు. గడ్డ నూరాడు. చిన్న త్రాసులో ఒక పక్క మూడు గురిగింజలు వేసి, రెండో పక్క ముద్ద పెట్టాడు. సరిగ్గా తూగింది. తేనెలో కలిపి గిన్నె చేతికిచ్చాడు.

స్వామి గిన్నెను పెదాల దాకా తెచ్చారు.

"ఆగండి అయ్యవారూ!"

తనకు తెలియకుండానే గురుసిద్ధం ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కొంచెం తేనె ఒలికింది.

"అంకె తప్పు చూశావా?"

"లేదు. యాభై మూడే."

"తూకం తప్పిందా?"

"లేదు."

"మరి ఏమిటి నాయనా?"

గురుసిద్ధం గిన్నె తీసుకుని దూరంగా పారబోశాడు. చాకు తెచ్చి ముడి మీది లక్క పగలగొట్టాడు. కొత్త ఆకును యాభై మూడు పక్కన పెట్టి, తరవాతి ఆకు మీది అంకె గీకబోయాడు.

"ఆ అంకెలు తరవాత చూద్దువు గానీ," అన్నారు స్వామి. "ముందు ఎల్లప్పను లోపలికి పిలువు. బయట చలి."