కాయిలుకు చేట అడ్డుపెట్టిన తవిటమ్మ

వినేవాళ్లు వినండి, ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి. మా ఏటి ఒడ్డున ఎడ్లబళ్లే తిరిగే కాలం. ఊరు మొత్తానికి ఒక్కటే ట్రాక్టరు. పెట్రోలుతో మేలుకొని కిరసనాయిలుతో నడిచే పాత బండి. అప్పట్లో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. వేడి ఇసకలో మరమరాలు వేపి అమ్ముకునేది. ఊరంతా ఆమెను "అప్పా" అనేది, అంటే అక్కా అని.

ట్రాక్టరు తోలేవాడు సన్నాసి. ఆమె పొయ్యి పక్కనే బండి నిలిపేవాడు. ఒకనాడు బండి తుడుస్తుంటే అప్ప అడిగింది.

"ఆ నల్ల డబ్బా ఏట్రా?"

"కాయిలప్పా. బ్యాటరీ కరెంటు నీరసం. దాంతో నిప్పురవ్వ పుట్టదు. అందుకని ఈ డబ్బాలో రెండు తీగలు చుట్టారు. లావు తీగ కొన్ని చుట్లు, ఎంట్రుకలాంటి సన్న తీగ వేల చుట్లు. లావుదాన్లో కరెంటు పారతా ఉంటాది. ఠక్కుమని దాన్ని తెంపితే, ఆ అదురుకి సన్నదాన్లో బలమైన కరెంటు లేస్తాది. అదే ఈ తీగమ్మట పోయి ఇంజన్లో రవ్వై దూకుతాది."

"పారినప్పుడు కాదు, తెగినప్పుడా బలం?"

"తెగినప్పుడే. కానీ తడి తగిలిందంటే కరెంటు దారి తప్పి బండి ఇనుములోకి పోతాది. రవ్వ పుట్టదు."

ఆ ఏడు వాన పట్టింది. వాన, వాన, మళ్లీ వాన. ఏరు ఉబ్బి గట్టుకు గండి కొట్టింది. గండి పెరిగితే ఊరుండదు. పూడ్చడానికి కొండ కింద రాళ్లున్నాయి. తేవడానికి ఎడ్లు కదలవు, బురదలో మోకాళ్లదాకా దిగబడిపోయాయి. ఇక దిక్కు ట్రాక్టరే.

సన్నాసి హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఇంజను దగ్గింది, ఆగింది. ఇద్దరు మనుషులు కలిసి తిప్పారు. ఇంజను దగ్గింది, ఆగింది.

"కాయిలు తడిసిపోనాదప్పా!" సన్నాసి హ్యాండిలు వదిలేసి అరిచాడు.

తవిటమ్మ లోపలికి పరిగెత్తింది. పొయ్యిమీది వేడి ఇసక గుడ్డలో మూటగట్టి తెచ్చింది.

"మరీ కాలనివ్వకప్పా. డబ్బాలో పోసిన తారు కరిగిపోద్ది."

"ఇసక ఏడి నాకు నేర్పుతావేట్రా?"

మూట మణికట్టుకు ఆనించి చూసుకుంది. కాయిలు మూతకు అద్దింది. తీగ పొడుగునా అద్దింది. రవ్వ దూకే ప్లగ్గుల దగ్గర అద్దింది.

"తిప్పు!"

ఇంజను దగ్గింది. ఈసారి ఆగలేదు.

కానీ వాన మాత్రం ఆగితేనా! తవిటమ్మ చేట అందుకుని ఇంజను పక్కన ఇనప మెట్టు మీదికెక్కింది. కాయిలు మీద చేట పట్టింది.

"దిగప్పా, తడి తీగ కొడతాది!"

"నువ్వు తోలు!"

మొదటి బండెడు రాళ్లకు తీగ ఆమె వేళ్లను కొట్టింది. చేట దించలేదు. రెండో బండెడుకు మోచేతిదాకా జిల్లుమంది. చేట దించలేదు. మూడో బండెడుకు చెయ్యంతా తిమ్మిరెక్కి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగబట్టింది. చేట దించలేదు.

గండి పూడింది. ఊరు నిలిచింది.

ఆమె వేళ్లు మాత్రం చేట అంచున బిగుసుకుపోయాయి. ఆడవాళ్లు ఒక్కొక్కటే మెల్లగా విప్పారు. ఆ చేతికి గరిటె పట్టు మళ్లీ చిక్కేదాకా, ఆమె మరమరాలు వాళ్లే వంతులేసుకుని వేపారు. "సరిగ్గా వేపండే, మాడిపోతన్నాయి!" అని ఆమె అరుగు మీద నుంచి కేకలేసేది. వాళ్లు నవ్వేవాళ్లు.

తవిటమ్మ పండు ముసలిదయ్యాకే పోయింది. ఆమె పాడెను మోస్తామని ఊరివాళ్లు వచ్చారు. సన్నాసి ఒప్పుకోలేదు. ట్రాక్టరు మీదే తీసుకెళ్లాడు.

ఇప్పుడన్నీ డీజిలు బళ్లే. వాటికి కాయిలూ లేదు, రవ్వా లేదు. అయినా మా వైపు తొలివానకు బండి తీసే ప్రతి డ్రైవరూ ఇంజను మీద అరచెయ్యి ఆనించి, "అప్పా, చెయ్యి తియ్యకు" అంటాడు. ఆ తరవాతే తాళం తిప్పుతాడు.