తరగని బ్యాటరీ

కొమ్మరపాలెంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగుచేయించాలంటే దాన్ని ట్రాక్టర్ మీద టౌనుకు తీసుకెళ్లాలి. ఊళ్లో ట్రాక్టర్ ఉన్నది ప్రెసిడెంట్ వీరభద్రయ్యకే. ఎవరు అడిగినా ఆయన "చూద్దాంలే" అంటున్నాడు.

ఊరంతా ఉడికిపోతుంటే ఈయనకు మాత్రం ఉక్కపోయదా అని ఇడ్లీలమ్మే సుంకులమ్మకు అనుమానమొచ్చింది. వెళ్లి చూస్తే ఆయన ఫ్యాను కింద హాయిగా కూర్చున్నాడు.

"కరెంటు లేకుండా ఎట్టా తిరుగుద్దయ్యా ఇది?"

"ఇన్వర్టరే! నా బ్యాటరీ అంటే ఏమనుకున్నావు? ఊరంతా వాడుకున్నా తరగదు."

"ఊరంతానా?"

"ఊరంతా!" అన్నాడు మీసం దువ్వుతూ.

సుంకులమ్మ దారిపొడుగునా ఆ మాటే చెప్పుకుంటూ పోయింది. కాసేపటికే ప్రెసిడెంట్ వాకిలి నిండిపోయింది. ఒకరి చేతిలో సెల్‌ఫోను, ఇంకొకరి చంకలో మిక్సీ. సుంకులమ్మయితే గ్రైండరే మోయించుకొచ్చింది. "చల్లగా ఉండయ్యా" అని అందరూ దండాలు పెడుతుంటే ఆయన కాదనలేకపోయాడు. పిండి నలిగేసరికి ఇన్వర్టరు కుయ్యిమంది, ఫ్యాను ఆగిపోయింది.

వీరభద్రయ్య కండువాతో విసురుకుంటూ బయటికొచ్చాడు. "ఏరా, ట్రాక్టర్ తియ్యండ్రా! ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇంకా అక్కడే పెట్టుకుని ఏం చూస్తున్నారు?"

సుంకులమ్మ పిండిగిన్నె నెత్తికెత్తుకుంది.

"మీ ఫ్యాను ఎప్పుడాగుద్దా అని చూస్తున్నామయ్యా."