జాలీ తీసేసిన పొద్దు

ఓబులేసుకు పొయ్యి కావాలి. అడగలేక అడుగుతూనే ఉన్నాడు, ఇమాంపీరా వినీవిననట్టు ఊరుకుంటున్నాడు.

ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందులో ఉంది ఇమాంపీరా హోటల్. పొద్దున పూట అక్కడ దొరికేది ఉగ్గాణి, బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగులతో చేసిన ఉగ్గాణి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ లేకపోతే ఆ ఊరివాళ్లకు తెల్లవారినట్టే ఉండదు. ఇన్నేళ్లూ బజ్జీల పొయ్యి దగ్గర నిలబడింది ఇమాంపీరానే. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఎక్కువ రోజులు గరిటె శిష్యుడు ఓబులేసుకు ఇచ్చి తను గల్లా పక్కన కూర్చుంటున్నాడు. ఇచ్చింది గరిటె మాత్రమే. ఇక ఈ పొయ్యి నీది అన్న మాట ఇంకా ఇవ్వలేదు. ఆ మాట వస్తే ఓబులేసు మాస్టరు, రాకపోతే తల నెరిసినా హెల్పరే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఓబులేసుకు మంచిది చెయ్యి. పిండి వేలికి అంటుకునే తీరు చూసి నీళ్లు చాలో చాలవో చెప్పేస్తాడు. నూనె చప్పుడు విని మంట తగ్గిస్తాడు. నోటి సంగతి మాత్రం అడక్కండి.

ఆ నోరే వాడి కొంప ముంచింది. మిరపకాయలు కోసేది, పిండి కలిపేది, బొరుగులు తడిపేది సుంకులమ్మ. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. అప్పటికే బెంచీల మీద జనం నిండిపోయారు. ఆమె గడప దాటిందో లేదో ఓబులేసు అందుకున్నాడు. ఇది హోటలా, అత్తగారిల్లా అన్నాడు. ఇష్టం లేకపోతే మానుకో, ఊళ్లో పనోళ్లకు కరువా అన్నాడు. ఆమె బదులు చెప్పకుండా కత్తిపీట ముందేసుకుంది. బదులు రాకపోయేసరికి వాడికి ఇంకా ఊపొచ్చింది. నిన్న పిండిలో ఉప్పెక్కువైంది, మొన్న వాము మరిచిపోయావు అంటూ పాతవన్నీ తవ్వి పోశాడు.

చివరికి సుంకులమ్మ తలెత్తి, "నీకు జాలి లేదురా ఓబులేసూ," అంది.

బాణలిలో నూనె సుయ్‌మంటోంది. వాడి చెవికి ఎక్కింది జాలి కాదు, జాలీ. హోటళ్లలో జాలీ అంటే తీగలతో అల్లిన, పొట్టి కాళ్ల చట్రం. నూనెలోంచి తీసిన బజ్జీలను దాని మీద పరుస్తారు. పొయ్యి పక్కన ఒకటి, అమ్మకానికి పెట్టే అద్దాల బీరువాలో ఒకటి ఉన్నాయి.

"ఉండాది కదక్కా, కండ్లు కనపడవా?" అని గరిటెతో జాలీని చూపించాడు.

బెంచీల మీదున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. సుంకులమ్మ నవ్వలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది.

మరునాడు రాలేదు. కబురు పంపితే రానని చెప్పి పంపింది.

ఓబులేసు ఇమాంపీరా తాత దగ్గర మొరపెట్టుకున్నాడు. తను ఎకసెక్కం చేయలేదని, నిజంగానే జాలీ అనుకున్నానని ఒట్టేశాడు. అది నిజమే. ఆలస్యంగా వచ్చింది ఆమె కాదా, అడగకుండా ఉంటే హోటల్ నడుస్తుందా అని కూడా అన్నాడు. అదీ నిజమే. ఇన్ని నిజాలు తన వైపు ఉన్నా తనకెందుకు తప్పు చేసినట్టుందో వాడికే తెలియలేదు.

ఇమాంపీరా అంతా విన్నాడు. "సుంకులమ్మ తిరిగొచ్చిన దినం పొయ్యి నీది," అన్నాడు.

"రాకుంటే తాతా?"

తాత గల్లా తెరిచి చిల్లర లెక్కపెట్టుకోసాగాడు.

మరుసటి పొద్దున ఓబులేసు నూనె కాగబెట్టేసరికి ఇమాంపీరా రెండు జాలీలూ తీసి, కడిగి, బయట గోడకు ఆనించి వచ్చాడు. ఈపొద్దు బజ్జీలు ట్రేలోనే వెయ్యి అన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం ఓబులేసుకు లేకపోయింది. పెద్దాయనకు కోపమొచ్చింది, తీరిపోతే తనే తెచ్చి పెడతాడులే అనుకున్నాడు.

మొదటి వాయి బంగారంలా వచ్చింది. ట్రేలో పోశాడు. రెండో వాయి దాని మీద పోశాడు. జనం తోసుకొస్తుంటే మూడోది దాని మీద పోశాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, అద్దాల వెనక బజ్జీల గుట్ట.

బజ్జీ నూనెలోంచి బయటికొచ్చినా దాని లోపల ఉడుకు ఆగదు. ఆవిరి పోవడానికి కింద గాలి ఉండాలి, కారిన నూనె కారిపోవాలి. ఆ రెండూ లేకపోతే ఎంత మంచి బజ్జీ అయినా తన చెమటలో తనే నానిపోతుంది.

మిల్లు గుమస్తా వీరశేఖరప్ప ఆ హోటల్‌కు నిత్యం వచ్చే మనిషి. బజ్జీ తుంచబోతే పైతోలు ఊడి చేతికొచ్చింది. ప్లేటు ముందుకు తోసి, "ఏమప్పా, వేయించినావా, ఉడకబెట్టినావా?" అన్నాడు.

ఆయన వెనకే ఇంకొకరు ప్లేటు తెచ్చి పెట్టారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. వాడి బజ్జీని ఆ హోటల్లో ఇంతవరకు ఎవరూ వెనక్కివ్వలేదు. అదే పిండి, అదే నూనె, అదే చెయ్యి అని అందరికీ వినిపించేలా అన్నాడు. వినేవాళ్లు లేరు.

ఇమాంపీరా మెల్లగా లేచొచ్చాడు. గుట్ట అడుగు నుంచి ఒక బజ్జీ లాగి ఓబులేసు అరచేతిలో పెట్టాడు. అది తడిగా, మెత్తగా, నలిగిపోయి ఉంది.

"దీని తప్పేమి?"

"దీని తప్పేమీ లేదు తాతా. ఇది బాగనే వచ్చింది. వేడి మీద ఉండంగనే నేనే పైన ఇంకోటి..."

ఓబులేసు చేతిలో బజ్జీ వంక చూస్తూ నిలబడ్డాడు. బాణలిలో వాయి మాడుతుంటే ఇమాంపీరానే గరిటె అందుకుని తీశాడు.

కాసేపటికి ఓబులేసు భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడే పోయి సుంకులమ్మక్కతో చెప్పేస్తానన్నాడు. తప్పంతా తనదేనని, ఆ జాలీ మాట తను పొరపాటున అన్నదని, అంతా వివరంగా చెప్పి కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తానన్నాడు.

"మళ్లీ పైన వేస్తావా?" అన్నాడు ఇమాంపీరా.

గడప దాకా పోయిన ఓబులేసు వెనక్కి తిరిగాడు.

"ఏమీ చెప్పాకు. పోయి ఆయమ్మ వాకిట్లో కూర్చో," అన్నాడు తాత.

సుంకులమ్మ ఇంట్లో పొయ్యి మీద గంజి కాస్తోంది. వాకిట్లో ఓబులేసును చూసి ముఖం తిప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. వాడు గడప పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నోరు తెరవకుండా కూర్చోవడం వాడికి నూనెలో చెయ్యి పెట్టినంత పని. మాట నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేశాడు.

గంజి దించింది. డబ్బాలో పోసింది. మూత బిగించింది. అప్పటికీ వాడు అలాగే ఉన్నాడు.

వాడివంక చూడకుండానే ఆమె మాట్లాడింది. "మా ఆయన పత్తి లారీ మీద నుంచి పడినాడు. తుంటి విరిగింది. రాత్రంతా ఆసుపత్రిలో నేల మీదనే కూచున్నా. తెల్లారినాక అట్నుంచి అట్నే పనికొచ్చినా."

ఓబులేసు తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది వాడికి. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఆమె చెబుతూ పోయింది. ఆపరేషన్ చేయాలన్నారట. తమ్ముడు వచ్చాడట, ఇక రాత్రిళ్లు వాడే తోడుంటాడట. మాట మధ్యలో ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ చెప్పింది. అంతా అయ్యాక గంజి డబ్బా సంచిలో పెట్టుకుని తలుపు దగ్గరికి వేసింది. ఓబులేసు లేచి ఆ సంచి అందుకున్నాడు. ఆమె ఇచ్చింది.

ఇద్దరూ ఆసుపత్రి దారి పట్టారు. మలుపు తిరిగాక సుంకులమ్మ అంది.

"రేపు పొద్దున నేను వచ్చేదాకా బొరుగులు తడపాకు."